పొట్టి కాలేబుకి నాగరత్నమ్మ సిఫార్సు

బర్ దుబాయ్ బట్టల కొట్ల వెనకసందులో, నూర్ మొహమ్మద్ చాయ్ దుకాణం ముందు ఆదివారం మధ్యాహ్నం ఒక కుర్చీ నాగరత్నమ్మది. ఆవిడ రాకముందు అందులో ఎవరైనా కూర్చోవచ్చు, వచ్చాక మాత్రం లేవాలి. రాజోలు వైపు మనిషి, పొట్టి మనిషి. ఒక అమెరికా వాళ్ళ విల్లాలో ఏళ్ళ తరబడి వంటా ఇంటిపనీ ఆవిడవే. వారమంతా ఆ ఇంట్లో "ఎస్ మేడమ్", "ఓకే మేడమ్" తప్ప మూడో మాట ఉండదు. అందుకని లోపల పోగుపడ్డ మాటలన్నీ సెలవు రోజున ఒక్క దెబ్బన బయటపడతాయి.

ఆ ఆదివారం విజయదుర్గ ఒక కొత్తమ్మాయిని వెంటబెట్టుకొచ్చింది. పేరు శాంతిప్రియ, ఊరు మలికిపురం. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"ఈ పిల్ల పనిచేసే ఇంటోళ్ళు దేశం వదిలి వెళ్ళిపోయేరొదినా," అంది విజయదుర్గ. "ఏజెన్సీ ఆఫీసులో కూర్చోబెట్టేరు. వచ్చిన ప్రతి మేడమూ కాగితం మీద ఫొటో చూస్తాది, పక్కనే రాసిన ఎత్తూ బరువూ చూస్తాది, 'ఇంత చిన్నది, పరుపులు ఎత్తగలదా' అని పక్కపిల్లని తీసుకుపోతాది. ఈ వారంలో ఎవరూ తీసుకోకపోతే టిక్కెట్టు కొట్టి ఇంటికి పంపేస్తారంట."

"ఎత్తు చూసి తీసేశారా?"

నాగరత్నమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది. ఆవిడ సగం తాగిన గ్లాసు కింద పెట్టిందంటే ఏదో మొదలవుతున్నట్టే. నూర్ మొహమ్మద్‌కి ఆ సంగతి తెలుసు. అతను కడపాయన, ఇలాంటివి వినడమంటే చెవి కోసుకుంటాడు. పొయ్యి మంట తగ్గించి ఇటు తిరిగాడు.

"ఇలా కూర్చో అమ్మాయ్. ఎత్తు చూసి మనుషుల్ని తీసేసేవోళ్ళకి నేనెలా బుద్ధి చెప్పేనో విను. మా మేడమ్ పెద్దకొడుకున్నాడా, కాలేబు బాబు. అమెరికాలో కాలేజీ. ఫుట్‌బాల్ ఆడతాడు. ఫుట్‌బాలంటే కాలితో తన్నేది కాదు, చేత్తో విసిరేది."

"చేత్తో విసిరితే అది ఫుట్‌బాలెలాగయిందొదినా?"

"అది పేరెట్టినోళ్ళని అడగవే, నన్నడుగుతావేంటి! నోరు మూసుకుని విను. బంతి గుండ్రంగా ఉండదు, వలవని కొబ్బరికాయలా ఉంటాది. దాన్ని విసిరే దొర ఒకడుంటాడు. ఆడి ముందు అయిదుగురు భారీ మనుషులు గోడ కట్టి నించుంటారు. మన కాలేబు పనేంటంటే, ఆ గోడ దాటెళ్ళి, బంతి చేతిలోంచి పోకముందే దొరని కింద పడెయ్యాలి. అంతే పని. దానికే ఆళ్ళు కోట్లు పోస్తారు. మొన్న కాదు, అటు మొన్న క్రిస్మస్‌కి ఇంటికొచ్చేడు. ముద్ద ముట్టడే! సోఫాలో పడుకుని పైకప్పు చూస్తాడు. నేనేం చేసేను? పెద్దేం లేదు. పొద్దున్నే నేతిలో కాల్చిన దిబ్బరొట్టె, అల్లప్పచ్చడి వేసి ముందు పెట్టేను. తిన్నాడు. ఇంకోటి అడిగేడు. అప్పుడు చెప్పేడు తన బాధ."

"ఏ భాషలో చెప్పేడేంటి నీకు?"

"మింగుడుపడని బాధకి భాష కావాలేంటే? ఏడాదికోసారి పెద్ద టీములోళ్ళంతా కూర్చుని కాలేజీ కుర్రోళ్ళని ఎంచుకుంటారంట. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. మన ఏజెన్సీ ఆఫీసే అనుకో. ముందుగా కుర్రోళ్ళని వరసలో నించోబెట్టి కొలుస్తారు. ఎత్తెంత, బరువెంత, చెయ్యి పొడుగెంత, అరచెయ్యి ఎడల్పెంత..."

"అరచెయ్యి కూడా కొలుస్తారా పిన్నీ?" అంది శాంతిప్రియ, తన చేతులు ఒకసారి చూసుకుని.

"కొలుస్తారమ్మా, సిగ్గులేనోళ్ళు. కాలేజీలో అందరికన్నా ఎక్కువసార్లు దొరని పడగొట్టింది మనోడే. అయినా ఈళ్ళేమంటారు? 'కాలేజీలో గోడ చిన్నది, మా దగ్గర గోడ పెద్దది. ఈడి చేతులు పొట్టి. ఈడు ముట్టుకునేలోపే అవతలోడు పొడుగుచెయ్యి చాపి గుండెల మీద పెట్టి ఆపేస్తాడు' అంటారు. అది విని నాకు ఒళ్ళు మండిపోయింది. లెగు బాబూ, తోటలోకి నడు అన్నాను."

నాగరత్నమ్మ కుర్చీ దిగింది. కూర్చుని చెప్పే ఘట్టం కాదది.

"సఖినేటిపల్లి రేవులో గోదారి దాటే పంటు ఎక్కడం ఎరుగుదువా అమ్మాయ్? నరసాపురం వైపు పొద్దుటి పంటు?"

"ఎరక్కపోవడమేంటి పిన్నీ, కాలేజీకి దాని మీదే వెళ్ళేదాన్ని."

"మరి ఆ గుంపులో పొడుగోళ్ళంతా వెనకాల మెడలు సాచి నించుంటారు. నేనెక్కడుంటాను? పంటు మీద, ముందు కమ్మీ పట్టుకుని! ఎలాగంటావ్? పొడుగోడు చెయ్యెత్తినా, చాపినా, ఆడి చంక కింద సందుంటాది. చెయ్యి ఎంత పొడుగైతే సందు అంత పెద్దది. ముందు అడుగు మనదై ఉండాలి. తల కిందకి, భుజం ఆడి చంక కిందకి, నడుం ఇలా వంపు తిప్పి..."

అప్పుడే ట్రేలో చాయ్‌లు పట్టుకుని ఇటు వస్తున్న నూర్ మొహమ్మద్ చంక కిందనుంచి ఆవిడ సర్రున దూరి అవతల తేలింది. గ్లాసులు టకటకలాడాయి గాని చుక్క ఒలకలేదు. "యా అల్లా!" అన్నాడు నూర్ మొహమ్మద్, ఆవిడ ఎటు వెళ్ళిందో చూడ్డానికి రెండు వైపులా తిరిగి. శాంతిప్రియ ఏడుపు మర్చిపోయి కిసుక్కున నవ్వింది.

ఆ నవ్వు వినేసరికి నాగరత్నమ్మకి ఇంక పగ్గాల్లేవు.

"అదీ సంగతి! ఆ ఒడుపు నేర్పేను. ముందు ఫ్రిజ్ తెచ్చి తోటలో నించోబెట్టేను. దాని పక్కనుంచి వంగి దూసుకుపోవాలి. రెండోరోజుకి ఫ్రిజ్ ఆడికి ఆనలేదు. అప్పుడు మా డ్రైవర్నీ తోటమాలినీ వాచ్‌మేన్‌నీ గోడ కట్టించేను. ముగ్గురూ మూడు మూలల పడ్డారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఖర్జూరం చెట్టు చుట్టూ తిప్పేను. ఆ మలుపులో ఎంత జోరంటే, ఆ గాలికి గెలలు గెలలు పళ్ళు రాలిపోయేయి!"

"క్రిస్మస్‌కి ఖర్జూరం పళ్ళెక్కడివొదినా? అవి ఎండాకాలం కదా!"

"ఆ జోరుకి ముందే కాసేసేయి! నడుమ మాట్లాడకు దుర్గా, నాకు మండుతుంది. ఆ వార్త అమెరికా చేరింది. అక్కణ్ణుంచి కుర్రోళ్ళని ఎంచే పెద్దమనిషి ఒకడు దిగేడు మా విల్లాకి. తలుపులోంచి రావాలంటే నడుం దాకా వంగాలి, అంత పొడుగు. చేతిలో టేపు. కాలేబుని కొలిచేడు, పెదవి విరిచేడు. 'చురుకే గాని చిన్నోడు. అవతలోడు బంతి పట్టుకుని మీదకి పరిగెత్తుకొస్తే ఆపలేడు. ఈణ్ణి ఈ పనికి కాకుండా వెనకాల నించోబెట్టి ఇంకేదన్నా ఆడించుకోవాలి' అన్నాడు. నేను వంటింట్లోంచి వచ్చేను. గరిటె చేతిలోనే ఉంది. 'అయ్యా, లోపల పొయ్యి మీద చేపల పులుసుంది. నన్ను దాటెళ్ళి మూత తియ్యి. తీస్తే ఈ కుర్రోణ్ణి తీసుకోవద్దు' అన్నాను."

"ఇంగ్లీషులోనా?"

"గరిటెతో! ఆడు ఎడమకొస్తే ఎడమకి నేనే, కుడికొస్తే కుడికి నేనే. చెమటలు కక్కేడు పాపం. 'ఇప్పుడు నువ్వు నన్నాపు' అన్నాను. రెండు చేతులూ చాపి నించున్నాడు, గుమ్మం మొత్తం నిండిపోయింది. ఇంకా ఆపుతూనే ఉన్నాడు, నేను లోపల్నుంచి 'పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చూస్తారా' అని కేకేసేను. అక్కడే కూలబడిపోయేడమ్మా! 'తల్లీ, ఇన్నేళ్ళూ మేము కొలిచింది తప్పు కొలత' అని టేపు తెంపేసేడు."

నూర్ మొహమ్మద్ పొయ్యి ఆర్పేసి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బట్టల కొట్లోంచి ఇద్దరు వచ్చి చాయ్ అడిగితే "ఆగండి భాయ్, ఇక్కడ పెద్ద పని నడుస్తోంది" అన్నాడు.

"అసలుది ఇప్పుడు చెప్తాను. డ్రాఫ్ట్ రోజొచ్చింది. అమెరికాలో పేద్ద హాలు, ఇసకేస్తే రాలని జనం. పేర్లు చదివే పెద్దాయన మైకు కాడ నించుని, 'అందరూ ఆగండి, రత్నమ్మగారు ఫోన్లో ఉన్నారు' అన్నాడు. సూది పడితే వినపడతాది. ఇటు జెబెల్ అలీ రేవులో ఓడ నించునుంది. ఓడ నిండా బనీన్లే, టీముకో రంగు, కాలేబు బాబు ఏది వేసుకుంటానంటే అది. నన్ను తీసుకెళ్ళడానికి విమానం పంపేరు, విల్లా డాబా మీద దిగింది. నేనెక్కలేదు. 'నాకు ఆదివారం తప్ప సెలవు లేదు బాబూ' అన్నాను. ఇటు టీములోళ్ళంతా మాక్కావాలంటే మాక్కావాలని చొక్కాలు చింపుకుంటున్నారు. అందరికన్నా పెద్ద టీము ముదీర్, అదే మేనేజరు, ఫోనందుకుని, 'రత్నమ్మగారూ, మీరు చెప్పండి. పొట్టోడు కదా, తీసుకోమంటారా, వద్దంటారా?' అన్నాడు. నేనేమన్నాను? ఒక్క మాట. 'తీసుకో.' ఖలాస్! తీసుకున్నారు. ఆ రోజునుంచి అమెరికాలో ఎత్తు కొలవడమే మానేసేరు. టేపులన్నీ టైలర్లకి అమ్ముకున్నారు!"

నాగరత్నమ్మ కుర్చీ ఎక్కి, చల్లారిపోయిన చాయ్ అందుకుంది. బట్టల కొట్టువాళ్ళు చప్పట్లు కొట్టారు. శాంతిప్రియ కూడా కొట్టింది. కొట్టి, కుర్చీ దగ్గరికి జరిగింది.

"పిన్నీ."

"చెప్పమ్మా."

"మీ పక్క విల్లా ఆవిడకి కవలలు పుట్టేరని, మనిషి కోసం మీ మేడమ్‌ని అడుగుతున్నారని దుర్గక్క చెప్పింది. నా గురించి కూడా మీ మేడమ్‌తో ఒక్క మాట చెప్పవా?"

ఆ పిల్ల ఎగతాళికి అనలేదు, అదే ఇబ్బంది. నిజంగా అడిగింది. నూర్ మొహమ్మద్ లేచి ఆర్పిన పొయ్యి మళ్ళీ వెలిగించాడు. విజయదుర్గ తల పక్కకి తిప్పుకుంది. పోయిన వారం, ఆ పక్క విల్లా పనికి ఒక మనిషి ఉందని మేడమ్‌తో చెప్పమని తను అడిగితే, చూద్దాంలేవే అని నాగరత్నమ్మ మాట దాటేసింది మరి.

కాలేబు దిబ్బరొట్టె తిన్నమాట నిజం. రెండోది అడిగిన మాట కూడా నిజమే. నా కొలతలు చూసి ఎవరూ తీసుకోరు అని తండ్రితో చెప్పి తల దించుకోవడం, అటు గిన్నెలు సర్దుతూ నాగరత్నమ్మ చూసింది. అంతే. ఓదార్చాలనిపించింది గాని, "ఎస్ మేడమ్"తో ఓదార్పు ఎలా కుదురుతుంది? ఆ ఇంట్లో ఆవిడ నోరు తెరిచి ఏదీ అడిగిన పాపాన పోలేదు. గ్యాస్ లైటరు పాడైతే అగ్గిపెట్టె కొనుక్కుంది గాని కొత్తది కావాలని అడగలేదు. అడిగితే ఏమవుతుందో ఆవిడకే తెలియదు, తెలియకపోవడమే ఆవిడ భయం. ఇప్పుడు ఇంతమంది ముందు అమెరికా మొత్తాన్ని ఒక్క మాటతో లొంగదీసి, ఫోను తియ్యకపోతే వారం తిరిగేసరికి ఈ పిల్ల విమానం ఎక్కిపోతుంది.

"ఫోనివ్వవే," అంది విజయదుర్గతో. "నా దాంట్లో డబ్బుల్లేవు."

ఉన్నాయి. కాని ఆ నంబరు తన చేత్తో నొక్కే ధైర్యం లేదు. విజయదుర్గే నొక్కి, అందరికీ వినపడేట్టు పెట్టి చేతికిచ్చింది.

"మేడమ్... రత్న, మేడమ్. సారీ మేడమ్. వన్ గర్ల్ మేడమ్. గుడ్ గర్ల్. నెక్స్ట్ విల్లా, బేబీ, బేబీ..." అక్కడికి ఆవిడ ఇంగ్లీషు అయిపోయింది.

మేడమ్‌కి అర్థమైంది. అమ్మాయి ఎలా ఉంటుంది, బలంగా ఉంటుందా, పొడుగేనా అని అడిగింది. ఇద్దరు పిల్లల్ని ఎత్తుకోవాలి కదా అంది.

నాగరత్నమ్మ శాంతిప్రియ వైపు చూసింది. తాడిచెట్టంత అబద్ధం ఒకటి నాలుక మీదికి వచ్చి నించుంది. గటుక్కున మింగేసింది.

"స్మాల్, మేడమ్," అంది. ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని మళ్ళీ అంది, "స్మాల్. సేమ్ లైక్ మీ."

ఫోన్లో మేడమ్ గొంతు వినిపించింది. ఆవిడ ఇంగ్లీషులో అన్నది మన భాషలో ఇంత: "నువ్వు పొట్టిదానివా రత్నా? నేనెప్పుడూ గమనించనే లేదు." ఇంకా అంది, "నీలాంటి మనిషైతే ఇంకేం కావాలి. రేపు పొద్దున్నే రమ్మను, నేను దగ్గరుండి మాట్లాడతాను."

ఫోను ఆగిపోయింది. శాంతిప్రియ రెండు చేతులతో మొహం కప్పుకుంది. నాగరత్నమ్మ ఫోను విజయదుర్గ చేతికిచ్చేసింది. కళ్ళు నిండిపోయాయి.

"వదినా," అంది విజయదుర్గ ఆవిడ భుజం పట్టుకుని, "విమానం డాబా మీద దిగిందన్నావు, సరే అన్నాం. ఇది మాత్రం ఎవరికీ చెప్పకు. ఒక్కరు కూడా నమ్మరు."