నాన్న ఎక్కని లిఫ్ట్

కరెంటు పోయి మధురవాడ అపార్ట్‌మెంట్ లిఫ్ట్ మధ్యలో ఆగిపోయింది. లోపల తల్లీ కొడుకూ, చర్చిలో జ్ఞాపకార్థ కూడికకు తీసుకెళ్తున్న నాన్న ఫోటో. కొడుక్కి చెమటలు పట్టేశాయి.

"జనరేటర్‌కేటైందమ్మా? ఊపిరాడ్డం లేదు!"

"కూకోరా. మీ నాన్న నేవీ సబ్‌మెరైన్‌లో నెలలు నెలలు ఉండీవోరు."

"మరి ఇంటికొస్తే మెట్లే ఎక్కీవోరు కదా, ఎక్సర్‌సైజని!"

"ఎక్సర్‌సైజా, నా బొందా! అన్నేళ్లు లోపలుండి, మూసిన తలుపంటేనే హడలైపోయింది ఆయనకి."

"నీ మోకాలి ఆపరేషనయ్యాక రోజూ నీతో లిఫ్టెక్కారుగా?"

"ఎక్కారు. కళ్లు మూసుకుని."

కొడుకు తల్లి పక్కకు జరిగాడు.

"అమ్మా, నీ సెయ్యి ఇలాగియ్యి."

"భయమేస్తందేట్రా?"

"నాకేటి భయం? నువ్వు పడిపోతావని."

ఆమె ఫోటోను గుండెకు హత్తుకుని నవ్వింది.

"ఆయనా రోజూ ఇదే అనీవోరు."