ముత్యం పెట్టిన మూడు మీటర్లు

"నేనేం పెద్ద పని చేసిన్నని చెప్తలేను రావుసాబ్. దుబాయిల, ఇసుకల ఉరికే బండికి మూడు మీటర్లు బిగించిన. గంతే. మూడంటే మూడు."

ముత్యం గట్ల చిన్నగ మొదలువెట్టిండంటే నాకు భయం. వాడు మా అక్క కొడుకు. చిన్నగ మొదలువెట్టిన ముచ్చటను ఏడికి తీస్కపోతడో వానికే తెల్వది.

సుల్తానాబాద్‌ల సడక్ పక్కన నాది చాయ్ హోటల్. ఎదురుంగ ముత్యం రేకుల షెడ్డు. దుబాయి నుంచి వచ్చి షెడ్డు తెరిచి నాలుగు నెలలాయె, సైకిలు పంచర్లు తప్ప ఒక్క పెద్ద పని రాలె. ఈ ఆయితారం దాక చూస్త, పని దొరకకుంటె డ్రిల్లు మిషిని అమ్మేసి మళ్ల దుబాయి పోత అన్నడు. వాని పెండ్లాం బాలలక్ష్మి ఆ మాట విన్నకాన్నుంచి సరిగ మాట్లాడుతలేదు. వచ్చిన కొత్తల వాణ్ని చూసి ఏడ్చిన చిన్నబిడ్డ, ఇప్పుడిప్పుడే బాపు అనుకుంట చేతులు చాపుతుంది.

గసొంటి మంగళారం పొద్దున జగపతిరావు వచ్చి నా హోటల్ బెంచి మీద కూసున్నడు. మానేరు వాగుల ఆయనకు పుచ్చకాయ తోట ఉన్నది. మామూలు జీపు ఆ ఇసుకల దిగవడ్తదని, పాత జీపును కోయించి, పైపులు అతికిచ్చి, లావు టైర్లు ఏయించి కొత్త తీరు బండి చేయిస్తుండు. అన్నీ అయినయ్, మీటర్ల కాడ పని ఆగింది. ఎవరో మేస్త్రి డాష్‌బోర్డు రేకుకు పొక్కలు పెద్దగ కోసిండట, పెట్టిన మీటరు పెట్టినట్టే లోపలికి జారి పడ్డదట. ఇప్పుడు కొత్త రేకు చంకల పెట్టుకొని, మూడు మీటర్లు తువ్వాలల మూటగట్టుకొని వచ్చిండు.

"నీకు చాతనైతదా ముత్యం?" అని అడిగిండు.

అయితది అంటె అయిపోతుండె. వాడు చాయ్ గిలాస పక్కకు వెట్టి కథ అందుకున్నడు.

"షేకు బండి ఎట్లుంటదనుకున్నరు రావుసాబ్? పైన కప్పు లేదు, తలుపుల్లేవు, పైపులే పైపులు. డాష్‌బోర్డు రేకు మాత్రం అద్దం లెక్క, మొఖం చూసుకొని గడ్డం గీసుకోవచ్చు. షేకు నన్ను పిలిచి, ముత్యం, స్పీడు మీటరు ఒకటి, ఆయిలు మీటరు ఒకటి, పెట్రోలు మీటరు ఒకటి పెట్టాలె, రేకు మీద గీత పడొద్దు అన్నడు. నాకన్న ముందుగల జర్మనీ నుంచి ఇద్దరు ఇంజనీర్లు వచ్చిన్రు. వెంట్రుకను నిలువుగ చీరి కొలిచే మిషిన్లు తెచ్చిన్రు. వారం దినాలు కొలిచి కొలిచి, మాతోటి కాదని ఇమానం ఎక్కి పోయిన్రు. నేనేం జేసిన? కొలుసుడు లేదు, గీసుడు లేదు. ఎడమ చేతిల చాయ్, కుడి చేతిల డ్రిల్లు. ఒక కన్ను మూసిన, ఇంకో కంటితోటి ఒక్క చూపు చూసిన, జుయ్యిమని మూడు పొక్కలు! మీటర్లు పెడ్తె నోట్లె బుక్క లెక్క కూసున్నయ్. చాయ్ చుక్క కింద పడలె."

"గాడ చాయ్ ఎవలు పోసిన్రు బావా?" అన్నడు సాంబయ్య. వడ్ల సంచులు మోసే హమాలి ఆయన. పని లేనప్పుడు నా హోటల్లనే ఉంటడు, ముత్యాన్ని గెలుకుడే ఆయన పని.

"షేకే పోసిండు. ఇంకెవలు పోస్తరు? అటెన్క ఏమైందో ఎర్కేనా? మూడు మీటర్లు చూసి షేకు ఖుషీ అయి, ఇంకో రెండు పెట్టు అన్నడు. ఐదాయె. ఆయన తమ్ముడు వచ్చి చూసిండు, ఏడాయె. బావమరిది వచ్చిండు. ఆఖరికి పదకొండు మీటర్లు!"

"ఇందాక మూడంటే మూడు అన్నవ్," అన్నడు జగపతిరావు.

"మూడు మొదటి దినం సంగతి రావుసాబ్."

"పదకొండు మీటర్లు ఏం చూపెడ్తయిరా?"

"ఏం చూపెట్టయో అడుగుండ్రి! ఒకటి ఇసుక ఎంత లోతున్నదో చూపెడ్తది. ఒకటి ఆ ఇసుక కింద నీళ్లున్నయా లేవా. దుమ్ము గాలి ఎన్ని గంటలకు లేస్తదో ఒకటి. ఒంటె ఎంత దూరంల ఉన్నదో ఒకటి, గా ఒంటెకు కోపమున్నదా లేదా అని దాని పక్కన ఇంకోటి. షేకు వాళ్ల అవ్వ ఇంట్ల అలిగితే చూపెట్టనీకి ఎర్ర ముల్లుది ఒకటి. గది నేనే సొంతంగ చేసిన."

"గా ఎర్ర ముల్లుది నాకొకటి చేసియ్యి బావా. ఇంటికి పోకముందే చూసుకుంట," అన్నడు సాంబయ్య.

"నీ ఇంటికి గా మీటరు ఆగది, అద్దం పలుగుతది!"

అందరం నవ్వినం. జగపతిరావు నవ్వలె. ఆయన తువ్వాల మూట మీద చెయ్యి తియ్యలె. సాలు కొడుకా, ఇగ ఆపు అని కండ్లతోటి చెప్పిన. వాడు నా దిక్కు చూస్తేగద!

"జుమ్మా రోజు ఇసుకల పందెం పెట్టిన్రు. నూరు బండ్లు. షేకు డ్రైవరుకు జ్వరమొచ్చింది. ముత్యం, పెట్టినోనివి నువ్వే, తోలేటోనివి గూడ నువ్వే అన్నడు షేకు. ఎక్కిన. తొక్కిన. స్పీడు ముల్లు లేచింది సూడు! నూరు, నూటాయాభై, రెండు నూర్లు, ఆఖరు గీత కాడికి వచ్చింది. ఆగుతదనుకున్నరా? ఆగలె! మళ్ల సున్నా కాడికి వచ్చి రెండో చుట్టు అందుకున్నది. మూడో చుట్టుల ముల్లు కనవడుడే బందయింది. ఫ్యాను రెక్క లెక్క తిరిగి తిరిగి నా మొఖానికి గాలి కొడ్తుంది. చెమట ఆరిపోయింది రావుసాబ్! ఎనుకకు తిరిగి చూస్తె నా నీడ లేదు. నీడ ఎనుకవడ్డది. పందెం అయినంక అద్దగంటకు వచ్చి కలిసింది."

"ఆయాసపడుకుంట వచ్చిందా?" అన్నడు సాంబయ్య.

"ఎందుకు పడది? అటెన్క ఏమైందో ఎర్కేనా? నడి ఇసుకల పెట్రోలు అయిపోయింది. ముల్లు సున్నా మీద పండుకున్నది. చుట్టూర ఇసుక, పైన ఎండ. ఇంకెవలన్న అయితే పరేషాన్ అయ్యి ఏడ్సేది. నేను సోంచాయించిన. మీటరు పెట్టింది నేను, ముల్లు నా మాట వినాలె గద! మీటరు అద్దం ఇప్పిన. గీ వేలుతోటి, గిట్ల, ముల్లును మెల్లగ ఫుల్లు దిక్కు జరిపిన. ఎనుక ట్యాంకిల గుడగుడగుడ సప్పుడు. నిండింది!"

సాంబయ్య నోట్లె చాయ్ ముక్కులకు వచ్చింది.

"నవ్వకు బావా, ఇంకా ఉన్నది. జోష్‌ల ఉన్న గదా, వేలు జర గట్టిగ తగిలింది. ముల్లు ఫుల్లు దాటి రెండు వేళ్లు పక్కకు పోయింది. ఇగ పెట్రోలు ఆగుతదా? ట్యాంకి పొంగింది. మూత ఎగిరిపోయింది. కాలువై పారింది, గుంతలల్ల నిండింది, ఇసుక లోపలికి ఇంకింది. గా దేశంల నేల తవ్వితె నూనె వస్తదని పేపర్లల్ల రాస్తరు గద రావుసాబ్? అది ఏడికెల్లి వచ్చిందనుకుంటున్నరు?"

సడక్ మీద లారీ ఒకటి పోయింది.

"నువ్వు పోకముందు గూడ వచ్చేది గద బావా?" అన్నడు సాంబయ్య.

"అప్పుడు చిన్నగ వచ్చేది."

జగపతిరావు లేచి నిలవడ్డడు. తువ్వాల ముడి ఇంకోసారి బిగ్గ కట్టిండు. రేకు చంకల పెట్టుకున్నడు. "చాయ్ మంచిగున్నది కమలవ్వా. ఇగ పోతా. కరీంనగర్ల ఎవలన్న దొరుకుతరేమో చూస్త," అన్నడు.

ఎదురుంగ షెడ్డు గుమ్మంల బాలలక్ష్మి బిడ్డను సంకనేసుకొని నిలవడ్డది. జగపతిరావు లేచుడు ఆమె చూసింది.

నాకు ఏం తోచిందో, పొయ్యి మీద పాలు గట్లనే విడిసిపెట్టి, గోడకున్న ఫోటో తీసిన. "జర ఆగుండ్రి రావుసాబ్. మా వాని పనికి సాక్ష్యమున్నది."

అది ముత్యం దుబాయి పోయిన రెండో ఏడు పంపిన ఫోటో. పైపుల బండి పక్కన నిలవడి పండ్లన్నీ కనవడేటట్టు నవ్వుతుండు. ఎనుక డాష్‌బోర్డుల మూడు పొక్కలు, ఒకటి పెద్దది, రెండు చిన్నయి. దినాం పొద్దున పాలు పొంగే దాక నేను ఆ పొక్కల దిక్కే చూస్త. చేతులతోటి గంత గుండ్రంగ ఎట్ల కోసిండా అని.

"పొక్కలే ఉన్నయి, మీటర్లు ఏవీ?" అన్నడు సాంబయ్య, మెడ చాపి.

"ఎనుక రాసున్నది," అన్న. పోయిన నెల అద్దం పలిగితే ఫోటో ఇవతలికి తీసిన, అప్పుడు కనవడ్డయ్ ఆ అక్షరాలు. పోయిన ఏడే వయోజన విద్య బడిల పలక పట్టిన నేను. వేలు పెట్టుకొని నాలుగు దినాలు చదివిన. అవి చదివినంక ఆ పొక్కల మీద నాకు ఇంకింత ప్రేమైంది. ఫోటో తిప్పి, వేలు పెట్టి మొదలువెట్టిన.

"చిన్నవ్వకు... ముత్యం... దండాలు. ఈ బండి... సేటుది. నన్ను... ఎక్కనియ్యరు."

"చిన్నవ్వా," అన్నడు ముత్యం. వానికి అప్పుడు యాదికొచ్చింది. "చిన్నవ్వా, సాలు తియ్."

"నడుమ ఆపకు కొడుకా, ఆపితె నేను మళ్ల మొదటికెల్లి చదవాలె. నన్ను ఎక్కనియ్యరు. పొక్కలు మూడు... నేనే కోసిన. కంపాసు... ఇయ్యలే. పెద్ద పొక్కకు... నువ్వు పంపిన... మామిడికాయ తొక్కు డబ్బా మూత పెట్టి... గీత గీసిన. చిన్నయిటికి... చాయ్ గిలాస. రెండు దినాలు... ఆకురాయితోటి రాకిన. చేతులకు... బొబ్బలు వచ్చినయ్. మీటర్లు రేపు... మిసిర్ దేశం మేస్త్రి... పెడతడట. తొక్కు... మంచిగున్నది."

సాంబయ్య బెంచి మీదికెల్లి కింద పడ్డడు. "తొక్కు డబ్బా మూత! ఓ బావా! జర్మనోళ్లకు తొక్కు లేక ఇమానం ఎక్కిన్రా?"

నవ్వుతుంటే పాలు పొంగి పొయ్యిల పడ్డయ్. ముత్యం తల వంచుకొని గిలాస అంచును వేలుతోటి తిప్పుకుంట కూసున్నడు. పెట్రోలు ముల్లును జరిపిన వేలే అది. జగపతిరావు నా చేతిల ఫోటో తీస్కొని ఎలుగుకు పెట్టి చూసిండు. చానసేపు చూసిండు. ఆ పొక్కలనే.

"గీత మీద కోసినవా?" అని అడిగిండు.

"గీత మీద కోస్తె పెద్దగైతది రావుసాబ్." ముత్యం గొంతు చిన్నగైంది. వాడు గట్ల మాట్లాడంగ నేను ఎన్నడు వినలె. "గీత లోపటికెల్లి సన్నటి పొక్కలు వరుసగ ఏసుకుంట పోవాలె. నడుమది తట్టి తియ్యాలె. మిగిలింది ఆకురాయితోటి రాకుకుంట గీత దాక రావాలె. జల్ది చేస్తె పాడైతది."

"మరి మీటరు?"

"ఎనుక రెండు నట్లు. పొక్క మంచిగుంటె ఎవలన్న బిగిస్తరు. మిసిరాయన బిగించంగ పక్కన నిలవడి చూసిన. నా చేతికి మాత్రం ఇయ్యలే."

జగపతిరావు బెంచి మీద రేకు పెట్టిండు. దాని మీద తువ్వాల పెట్టి ముడి ఇప్పిండు. మూడు మీటర్లు మెరిసినయ్. "పొక్కలు పెద్దగ కోసిన మేస్త్రికి గీ ఒక్క ముచ్చట తెల్వకనే నా మొదటి రేకు పోయింది. మూడు పొక్కలు, రెండు దినాలు. బిగించేది గూడ నువ్వే," అన్నడు. మళ్ల నా దిక్కు తిరిగి, "గా మూత ఉన్నదా కమలవ్వా?" అన్నడు.

ఉన్నది. వాడు దుబాయి నుంచి ఖాళీ డబ్బా తెచ్చిండు. ఆయితారం మళ్ల పోతడేమోనని, మొన్ననే ఆ డబ్బా నిండ మామిడికాయ తొక్కు పెట్టి, బట్టతోటి వాసెన కట్టి అల్మారిల పెట్టిన. వాసెన ఇప్పి, మూత తీసి, కొంగుతోటి తుడిచి వాని చేతిల పెట్టిన. పొక్కల దిగే స్పీడు మీటరు మెడ మీద మూత పెట్టి చూసిండు. మూత వెంట్రుకంత చిన్నగున్నది. "మంచిది, గది ఆకురాయి పని," అన్నడు.

రేకు పట్టుకొని సడక్ దాటుకుంట పోతుండు. జగపతిరావు పక్కన నడుస్తుండు. సగం సడక్ దాటిండో లేదో, నాకు వినవడ్డది:

"గీ మూత మామూలు మూత అనుకునేరు రావుసాబ్! ఒకపారి ఇసుక తుఫానుల ఏమైందో ఎర్కేనా..."

"ముందుగల పొక్క కొయ్యి బావా!" అని సాంబయ్య ఒర్రిండు.

షెడ్డు కాడ బిడ్డ వాని దిక్కు చేతులు చాపింది. నేను మూత లేని డబ్బా తెచ్చి ముంగట పెట్టుకున్న. ఆ పూట హోటల్‌కు వచ్చినోళ్లకు ఒక్కొక్కలకు, ఉప్మా పక్కన, రెండు చెంచల తొక్కు ఏసిన. పగటీలి బువ్వ యాళ్ల వరకు డబ్బా ఖాళీ అయింది.