మిషన్ లోపలి మిషన్‌లో పూలవాన

"నేను చేసింది పెద్ద పనేం కాదు పుష్పవల్లక్కా," అన్నాడు యతిరాజులు, కోడంబాక్కం స్టేషన్ పక్కన ఆనందన్ టీకొట్టు బెంచీ మీద కాలు మీద కాలేసుకుని. "ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ పెట్టినా. అంతే."

పెళ్ళి వీడియోలకు పూలూ దీపాలూ కలిపే స్టూడియో అతనిది. పుష్పవల్లి కూతురు నందిత పెళ్ళై మూడు నెలలైనా క్యాసెట్ చేతికి రాలేదు. అల్లుడి అవ్వ చిత్తూరులో మంచం పట్టింది. మనవడి పెళ్ళి కళ్ళారా చూడాలని రోజూ ఫోన్ చేయిస్తోంది. క్యాసెట్ అడగడానికే పుష్పవల్లి వచ్చింది.

"లోపలంటే, డబ్బాలో డబ్బానా?" అన్నాడు బెంచీ చివర కూర్చున్న ఆటో మునిరత్నం.

"డబ్బా కాదప్పా, కంటికి కనపడదు. ఉండేది ఒకే మిషన్. లోపలిది ఉత్తుత్తిదే, కానీ తాను నిజం మిషననే దాని నమ్మకం. వర్చువల్ మెషీన్ అంటారు. అమెరికావాళ్ళు ఈ తొంభైతొమ్మిదిలోనే అమ్మకానికి పెట్టినారు. అయితే దానికొక కొరత ఉండాది. బొమ్మలు గీసే కార్డు బయటి మిషన్‌కే ఉంటుంది. లోపలిది పాపం ఒక్కొక్క చుక్కా లెక్కేసుకుని పెట్టుకోవాల. ఒక్క గులాబీ రేకు రాలేలోపల మీరు టీ తాగి, నిద్రపోయి, లేచి రావచ్చు. నేనేం చేసినానంటే, మధ్యలో ఒక గుమాస్తాను పెట్టినా. మనిషి కాదులే, ప్రోగ్రామ్. లోపలిది 'రేకు కావాల' అంటే ఆ మాట మోసుకుపోయి బయటి కార్డుకు చెప్తాడు. కార్డు చిటికెలో గీసిస్తుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"ఆ రేకులు రాలే వేగానికి గదిలో గాలి పుట్టింది. ఫ్యాను ఆపేసినాం. ఇదేదో బాగుండాదే అని లోపలిదాంట్లో ఇంకోటి పెట్టినా, దాంట్లో ఇంకోటి. ఏడోదానికి వచ్చేసరికి నేను మీట నొక్కకముందే బొమ్మ వచ్చేస్తా ఉండాది. వేలెత్తితే చాలు."

"ఎత్తకపోతే?" అన్నాడు ఆనందన్, టీ పైనుంచి పోస్తూ.

"మంచి ప్రశ్న. ఎత్తకపోయినా వచ్చింది. మనం అడ్డం ఎందుకని చేతులు కట్టుకుని కూర్చున్నా. అంతలో ఆ పూలవాన చూసి తేనెటీగలొచ్చినాయి. మానిటర్ వెనకాల తుట్టె పెట్టినాయి. ఈపొద్దు ఇడ్లీలోకి ఆ తేనే."

"ఎట్లుండాది?"

"బాగుండాది. కొంచెం కరెంటు వాసన. అది చాలదని, ఆఖరుకు పూల వాసన స్టేషన్ దాకా కొట్టి, తాంబరం బండి డ్రైవరు రైలు ఆపి దిగొచ్చినాడు, ఇక్కడ ఏ గుళ్ళో ఉత్సవం అని. ఆయనకు రెండు రేకులిచ్చి పంపించినా."

మునిరత్నం తల వంచుకుని టీ ఊదుకున్నాడు. పుష్పవల్లి గ్లాసు బెంచీ మీద పెట్టింది.

"యతిరాజులూ, అంత వేగమంటే మంచిదే నాయనా. పోయిన వారం మీ స్టూడియోకు వచ్చి చూసినా. తెర మీద మా అల్లుడు తాళి ఎత్తి పట్టుకుని ఉండాడు. నిన్న వచ్చి చూసినా. ఎత్తే పట్టుకుని ఉండాడు. మా పిల్ల తల వంచుకునే కూర్చోనుండాది. ఏడు మిషన్లుండాయి, గుమాస్తా ఉండాడు. ఆ పిల్లోడికి చెయ్యి నొప్పి పుట్టదా?"

యతిరాజులు కాలు మీది కాలు దించాడు.

"పూలు రాలేదాకా కాచుకునేదానికి ఆ ముసలామెకు ఓపిక లేదు," అంది పుష్పవల్లి. "పూలొద్దు నాయనా. తాళి మటుకు కట్టించు."

"పూలు లేకుండా అయితే... సాయంత్రానికి ఇచ్చేస్తా అక్కా."

"సరే. అందాకా నేను ఈడే కూర్చుంటా."

అతను లేచి స్టూడియో వైపు నడిచాడు. మునిరత్నం వెనకనుంచి కేకేశాడు. "ఎన్నో మిషన్లో అన్నా?"

"బయటిదాంట్లోనే," అన్నాడు యతిరాజులు, వెనక్కి తిరక్కుండానే.