ఎడమ తలుపు మీద గీత

కార్లకు రంగులేసే షెడ్డు. నలభై రెండేళ్ల కారు ఒకటి, దాని ఎడమ తలుపు దగ్గర ఇద్దరు: షెడ్డు మేస్త్రి, ఆ కారున్న ఇంటి ఇల్లాలు.

"గీకెయ్యి మేస్త్రీ. ఇంకేం ఆలోచించకు."

"ఆ మాట ఇంకోసారి అనకండమ్మా. నాకు చేతులు రావడం లేదు."

"జీవితమంతా రంగులేసినవాడికి చేతులు రాకపోవడమేంటి?"

"వెయ్యడానికి కాదు, తియ్యడానికి. ఇది కంపెనీలో వేసిన రంగు. ఎక్కడా ఇంకో బ్రష్షు తగల్లేదు. కొత్త రంగు ఎవడైనా వేస్తాడమ్మా. పాత రంగు ఎవడూ వెయ్యలేడు."

"బండంతా ఎవరడిగారు? ఈ గీత ఒక్కటీ పోతే చాలు."

"గీత ఒక్కటే పోదు. గీతకని మొదలెడితే తలుపంతా గీకాలి. తలుపు మెరిస్తే పక్కది మాసినట్టు కనిపిస్తుంది. దానికీ వెయ్యాలి. అలా అలా బండి చుట్టూ తిరిగొస్తాం."

"తిరిగిరా. ఎవరొద్దన్నారు?"

"సారు వద్దన్నారు. ఆదివారం పాత కార్ల ప్రదర్శన కదా. కడుగు, తుడువు, మెరుగు పెట్టు, గీతని మాత్రం ముట్టుకోకు అన్నారు."

"ఎందుకు ముట్టుకోవద్దో చెప్పారా?"

"అదీ..."

"చెప్పు."

"ఇప్పుడెందుకులెండి."

"చెప్పవయ్యా. నాకేం కొత్త కాదు. మా ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ల కన్నా ముందు ఆ కథే అందుతుంది."

"ఇది మా ఆవిడ డ్రైవింగ్ సర్టిఫికెట్టు, జాగ్రత్త, అన్నారు."

"చూశావా! నేనొక్కదాన్నే నడిపింది ఒక్కరోజు మేస్త్రీ. ఒకే ఒక్కరోజు. సందు చివరిదాకా వెళ్లొచ్చాను, అంతే. సాయంత్రం పిలిచి తలుపు చూపించారు. అప్పుడు బీరువాలోకి వెళ్లిన తాళాలు ముప్ఫై రెండేళ్లయినా నా చేతికి రాలేదు. అల్లుడు మొదటిసారి ఇంటికొస్తే, కుర్చీ చూపించకముందే ఈ గీత చూపించారు. ఇక ఆదివారం ఊరంతా చూస్తుంది, నేను పక్కన నిలబడి నవ్వాలి. నవ్వను. ఈసారి నా వల్ల కాదు."

"ఒకాయన ఇలాగే పట్టుబట్టి కొత్తగా వేయించుకున్నాడమ్మా. అద్దంలా చేసిచ్చాను. వారం తిరక్కుండా వచ్చి, ఇది మా బండిలా లేదయ్యా అని ఇక్కడే కూలబడ్డాడు."

"నేను కూలబడను. పండగ చేసుకుంటాను."

"సారుకి ఏం చెప్పను?"

"నేనే చెప్పానని చెప్పు. ఆర్సీ ఎవరి పేరున ఉందో చూశావా?"

"మీ పేరే."

"నా పేరు కలిసొస్తుందని నా పేరున కొన్నారు. పేరు కలిసొచ్చింది గానీ చెయ్యి కలిసిరాదట."

"సరేనమ్మా. బండి మీది, మాట మీది. ఉప్పుకాగితం తడిపే ఉంచాను. లోతు ఎంతుందో ఒకసారి చూడనివ్వండి... ఆఁ?"

"ఏమైంది? ఆగిపోయావేం?"

"ఇది దేనికి తగిలింది?"

"గేటు స్తంభానికి. బయటికి తీసేటప్పుడు తగిలించానట. అప్పట్లో దానికి ఆకుపచ్చ రంగు."

"అవును, గీత లోపల ఆ పచ్చ ఇంకా ఉంది. బయటికి అంటే, ముందుకి నడుపుతూనా?"

"వెనక్కి ఎలా నడుపుతాను? నాకు రివర్స్ రాదుగా. మూడు రోజులు నేర్పారు. రివర్స్ తర్వాత అన్నారు. ఆ తర్వాత ఇంకా రాలేదు."

"మరి తిరిగొచ్చాక లోపల ఎవరు పెట్టారు?"

"ఆయనే. ఎప్పుడూ వెనక్కే పెడతారు, పొద్దున తిన్నగా వెళ్లిపోవచ్చని. ఎందుకలా చూస్తున్నావు?"

"బొటనవేలు ఇలా పెట్టండమ్మా. గీత మీద, వెనక నుంచి ముందుకి రాయండి."

"నున్నగానే ఉంది."

"ఇప్పుడు ముందు నుంచి వెనక్కి."

"అబ్బా! గుచ్చుకుంటోంది."

"చేపని తోక నుంచి తలకి నిమిరితే గుచ్చుకోదూ, అదే ఇది. రంగు ఎటు తోసుకుపోతే పెచ్చులు అటే వాలతాయి. బండి ముందుకి పోతూ రాసుకుంటే ఇవి వెనక్కి వాలాలి. ముందుకి వాలి ఉన్నాయి. చూడండి, ముందు వైపు చివర రంగు ఎలా పేరుకుందో."

"అంటే?"

"నేననకూడదు."

"అను."

"ఈ గీత పడ్డప్పుడు బండి వెనక్కి పోతోందమ్మా."

"వెనక్కి పెట్టింది ఆయన కదా!"

"అమ్మా, ఆ స్టూలు మీద కూర్చోండి."

"కూర్చోను. ఆయనకి ఫోన్ చెయ్యి. స్పీకర్లో పెట్టు. నేనున్నానని అనకు."

"మీ ఇద్దరి మధ్యా నన్నెందుకమ్మా..."

"చెయ్యి."

"హలో, సార్, షెడ్డు నుంచి మేస్త్రిని."

"ఆఁ మేస్త్రీ! గీత భద్రమేనా?"

"భద్రమే సార్. చిన్న సంగతి. గీత పడ్డ రోజు బండి లోపల పెట్టింది కూడా అమ్మగారేనా?"

"ఆవిడా! పెట్టడమా! రివర్స్ ఎటు పడుతుందో కూడా తెలీదయ్యా ఆవిడకి. వీధిలో వదిలేసి పోయింది. నేనే పెట్టాను. ఆ ఇరుకు గేట్లో, చీకటిపడే వేళ, ఒక్క చేత్తో!"

"గీత ఎప్పుడు చూశారు సార్?"

"పెట్టి దిగాక. దిగి చూద్దును కదా, ఇంత పొడుగు! అప్పుడే అనుకున్నాను, మా ఆవిడ చేతికి గరిటే తప్ప స్టీరింగు పనికిరాదని. ఇంతకీ ఎందుకు?"

"ఏం లేదు సార్, ఊరికే."

"జాగ్రత్త మరి. బండి ఒక ఎత్తు, ఆ గీత ఒక ఎత్తు."

"అలాగే సార్. ఉంటాను... విన్నారుగా అమ్మా."

"విన్నాను."

"తెలిసి చేసుండరు. గమనించి ఉండరు, అంతే."

"తెలియకపోతే మరీ మంచిది. తన గీతని తనే ముప్ఫై రెండేళ్లు ఊరందరికీ చూపించుకున్నారు. ఆయన సంగతి సరే, నేనూ నమ్మాను చూడు, అది మండుతోంది నాకు. ఒక్కసారి వేలు పెట్టి తడిమి చూసుకోలేదు."

"ఇప్పుడేం చెయ్యమంటారు? గీకనా?"

"ఉప్పుకాగితం అవతల పారెయ్యి. ఆ గీత మీద ఈగ వాలినా ఊరుకోను."

"హమ్మయ్య. మరి ఆదివారం సారు కథ మొదలెడితే?"

"చెప్పనీ. పదిమంది పోగయ్యేదాకా చెప్పనీ. అప్పుడు ఒక్కొక్కర్నీ పిలిచి బొటనవేలు పెట్టమంటాను."

"అబ్బో! అయితే మీరూ ప్రదర్శనకి వస్తారన్నమాట."

"రావడం సంగతి తర్వాత. ఈవేళ బుధవారం. నడుమ ఇంకా మూడు రోజులున్నాయి. తాళం ఇటివ్వు."

"ఎక్కడికమ్మా?"

"ఎక్కడికీ లేదు, నీ షెడ్డు ముందే. ముందుకి పోవడం నాకొచ్చు. రివర్స్ ఎటు పడుతుందో చూపించు. ఆదివారం సాయంత్రం మా గేట్లో బండి నేను పెడతాను, ఆయన్ని స్తంభం పక్కన నిలబడి చూడమంటాను."