సింగడికి తీసిన దిష్టి

మాలకొండమ్మకి మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ఉన్నదల్లా నాలుగు మేకలూ ఒక కుక్కా. ఆ కుక్క పేరు సింగడు. ఆమె దాన్ని అది అనదు, వాడు అంటది. ఎవరన్నా 'మీ కుక్క' అన్నారనుకో, 'వాడికి పేరుందమ్మా' అని మొహం మాడ్చుకుంటది. మరి ఊరికే కాదు. ఒకసారి ఆమె కాలు మెలికబడి మంచాన పడితే, ఆ సింగడే పొద్దున్నే మేకల్ని బీట్లోకి తోలకపోయి, పొద్దుగూకేతలికి ఒక్కటి తగ్గకుండా దొడ్లోకి తోలకొచ్చాడంట. నిజమా అంటే, ఆమె చెప్పింది, నేను చెబుతున్నా, మీరు వింటన్నారు, మధ్యలో నిజంతో మనకేం పని. సరే, ఏమైందంటే, ఒకరోజు పక్కింటి ఆదెమ్మ గోడ మీదినించి తొంగిచూసి, 'అబ్బబ్బ, ఏం పెడతన్నావే మాలకొండా, కుక్కా ఇది, దున్నపోతు దూడలాగా తయారైంది' అనిందంట. అనింది మంచికే. మాలకొండమ్మ నవ్వింది గూడా. అదే రోజు పక్క బజార్లో పెళ్ళి, ఎంగిలాకుల కాడ ఎముకలు గుట్టబడున్నాయి, సింగడు పోయి ఒళ్ళు మరిచి తిన్నాడు. తెల్లారేతలికి వాంతులు, విరోచనాలు, నిలబడితే కాళ్ళు వణుకుతున్నాయి. మాలకొండమ్మకి ఎముకలు గుర్తురాలా. ఆదెమ్మ అన్న మాటే గుర్తొచ్చింది. నరుడి కంటికి నల్లరాయి గూడా పగులుద్దంటారు, ఇంక కుక్కెంత.

అయినా ఆమె తెలివితక్కువది కాదు, ముందు మందే అనుకుంది. గోనెసంచి పరిచి సింగణ్ణి ఒళ్ళో ఏసుకోని, ఆటో ఎక్కి, మండలంలో పశువుల ఆసుపత్రికి పోయింది. అక్కడ కొత్తగా వొచ్చిన డాక్టరమ్మ, హైమవతి అని, చిన్నపిల్లే గానీ ఓపికున్న మనిషి. పొట్ట నొక్కి చూసింది, నోరు తెరిచి చూసింది, సూదేసింది. ఏసి, 'పెద్దమ్మా, జాగ్రత్తగా విను. రేపు పొద్దుటిదాకా దీనికి తిండి పెట్టొద్దు. నీళ్ళు మాత్రం కొంచెం కొంచెం తాగించు. రేపటినుంచి పల్చటి గంజి, మెత్తగా పిసికిన పెరుగన్నం, అదీ కొంచెమే. కారం తగలకూడదు. పచ్చడి మెతుకులు, కూర అడుగు, ఎముకలు, ఏవీ వద్దు. కడుపు పుండులాగా ఉంది, దానికి విశ్రాంతి కావాలి' అని చెప్పిందంట. మాలకొండమ్మకి ఒకటే అయోమయం. 'అదేందమ్మా, నీరసంగా ఉన్నోడికి తిండి మానిపిస్తే ఇంకా నీరసపడడా? కుక్కకి ఏకాదశా?' అనడిగింది. డాక్టరమ్మ నవ్వి, 'ఏకాదశే అనుకో పెద్దమ్మా, పుణ్యం నీకే' అనింది. పనిలో పనిగా, నులిపురుగుల మాత్ర తప్పకుండా ఎయ్యాలనీ, పిచ్చికుక్క సూది ఏడాదికోసారి ఏయించాలనీ, పాలు పడని కుక్కలుంటాయి చూసి పొయ్యాలనీ ఇంకా బోలెడు చెప్పింది. అందులో సగం ఆటోలోనే కారిపోయాయి. మిగిలింది ఒకటే, తెల్లారేదాకా తిండి పెట్టగూడదు, ఆనక గంజి పొయ్యాల, కారం తగలగూడదు. ఆ ఒక్కటీ మాత్రం దేవుడి మాటలాగా పాటించింది, అది మనం చెప్పుకోవాల.

పాటించింది గానీ, మందు మందే, దిష్టి దిష్టే గదా. సూదేసినావిడ దిష్టి గూడా తీసి పంపిస్తదా? ఆ పని మనిషి ఇంట్లో చేసుకోవాల్సిందే. మాపటేళ గుప్పెడు బియ్యం వండి, పసుపూ సున్నమూ ఏసి పిసికింది. ఆ రెండూ కలిస్తే నెత్తురు రంగొస్తది, మీ ఇళ్ళల్లో చూసే ఉంటారు. ఆ ఎర్రముద్దకి ఎండుమిరపకాయలు గుచ్చి, మధ్యలో ఉడకేసిన కోడిగుడ్డు పెట్టి, సింగణ్ణి గడపలో నిలబెట్టి, 'ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, గోడ మీదినించి చూసినోళ్ళ దిష్టి' అని తిప్పింది. ఆ గోడ మాట కొంచెం గట్టిగానే అనిందిలే, ఆదెమ్మకి వినపడాలని. తిప్పి, తీసకపోయి, మూడుదార్ల కాడ ఎడం చేత్తో పారేసి, ఇంటిమొహం పట్టింది. అట్టా పారేసినాక యెనక్కి తిరిగి చూడగూడదు గదా. చూస్తే వొదిలించుకున్న దిష్టి చూసినోళ్ళ మీదికే లేచొస్తది. మా అమ్మమ్మయితే పక్కకి గూడా చూసేది కాదు, మెడ పట్టేసినట్టు వొచ్చేది. మాలకొండమ్మ గూడా తల తిప్పకుండా వొచ్చి, కాళ్ళు కడుక్కోని లోపలికి పోయింది. మరి సింగడు? ఆమె యాడుంటే వాడాడ. ఆమె యెనకాల్నే పోయాడు, ఆమె యెనకాల్నే వొచ్చాడు. కాకపోతే కొంచెం ఆలీసెంగా వొచ్చాడు, మూతి నాక్కుంటా వొచ్చాడు. 'అమ్మయ్య, దిష్టి తియ్యంగానే నా బిడ్డకి హుషారొచ్చింది' అనుకుందంట. నవ్వబాకండి, నవ్వబాకండి. మీరు ఎదురుగా కూర్చోని చూస్తన్నారు గాబట్టి మీకు తెలుస్తా ఉంది. ఆమె వీపు తిప్పుకోని నడుస్తా ఉంది, ఆమెకెట్టా తెలుస్తది? పొద్దున్నే అటు పోతే ముద్ద గూడా కనపడలా. దిష్టే తీసుకోని పోయిందనుకుంది.

ఆ తెల్లారే వాకిట్లో చూస్తే మళ్ళీ కక్కున్నాడు. ఈసారి ఎర్రగా. నెత్తురు! మళ్ళీ ఆటో, మళ్ళీ డాక్టరమ్మ. 'ఏం పెట్టావు పెద్దమ్మా?' 'నీళ్ళేనమ్మా.' 'తిండేమీ పెట్టలేదు గదా?' 'మెతుకు పెట్టుంటే ఒట్టు, మాలకొండ నరసింహసామి మీద ఒట్టు.' ఆ ఒట్టు అబద్ధపు ఒట్టు కాదు, అదీ తమాషా. పెట్టడం వేరు, పారెయ్యడం వేరు. ఆమె పారేసింది, పెట్టలా. డాక్టరమ్మ మందు మార్చి పంపించింది. ఇంటికొచ్చి గంజి పోస్తే తాగాడు, కొంచెం తేరుకున్నాడు, మాపటికి దిష్టి, తెల్లారితే ఎర్రగా కక్కుడు. మళ్ళీ ఆటో. సింగడు అద్దంకి పోనూ పోయాడు, రానూ వొచ్చాడు అని సామెత ఉంది చూడు, ఈ సింగడి బతుకూ అదే అయిపోయింది. ఊళ్ళో ఎవరో ఏదో పడేస్తున్నారు, కట్టెయ్యమని చెప్పింది డాక్టరమ్మ. కట్టేసింది. పగలంతా గుంజకి కట్టేసి, మాపటేళ మాత్రం విప్పేది, పాపం నాలుగడుగులు నాతో నడుస్తాడులే అని. ఇంక చూడండి. డాక్టరమ్మ మాట మీద పగలంతా కడుపు మాడుద్ది, పొద్దుగూకేతలికి మూడుదార్ల కాడ కోడిగుడ్డు భోజనం. కడుపు మాడిన కుక్క సున్నమూ మిరపకాయా చూస్తదా? కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, రోగం ముదిరే కొద్దీ ఆమె ముద్ద పెద్దది చేసేది, ముద్ద పెద్దదయ్యే కొద్దీ రోగం ముదిరేది. డాక్టరమ్మకి గూడా దిమ్మ తిరిగింది. సింగడి పెదవి పైకెత్తి చూస్తది, చిగుళ్ళు ఎర్రగా బాగానే ఉంటాయి. నెత్తురు పోయిన కుక్కకి చిగుళ్ళు పాలిపోవాలే అని తనలో తనే అనుకుంటది. పుస్తకాలు తిరగేసింది, తనకన్నా పెద్ద డాక్టర్లకి ఫోన్లు చేసింది. ఆఖరికి, 'పెద్దమ్మా, నీకు అబద్ధం చెప్పలేను. నాకు అర్థం కావడం లేదు. రేపు గూడా నెత్తురు కక్కితే జిల్లాలో పెద్దాసుపత్రికి తీసుకుపో. అందాకా ప్రాణం ఆగుతుందని మాత్రం నేను చెప్పలేను' అనింది. ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా? నెత్తురు కక్కుతున్నాడంటే అది రోగం కాదు, చేతబడే అన్నారు. ఎవరు చేశారంటే అందరూ ఆదెమ్మ గోడవైపే చూశారు. మాలకొండమ్మ ఆ గోడ కాడికి పోయి, 'నీ కళ్ళల్లో కారం కొట్టా, నా బిడ్డ నీకేం చేశాడే' అని ఊరంతా వినేట్టు అరిచింది. ఆదెమ్మ, 'మెచ్చుకోవడం గూడా తప్పేనా తల్లీ' అని కళ్ళనీళ్ళు పెట్టుకోని లోపలికి పోయిందంట.

ఆ మాపు చేసిన ముద్ద చెంబంత ఉంది. గుడ్లు గూడా రెండు పెట్టింది. మబ్బు పట్టి సన్నగా తుంపర పడతా ఉంది. సింగడికి నడిచే ఓపిక లేదు, ఉండరా అంటే ఉండడు, లేచొచ్చాడు. మెళ్ళో గజ్జెలు యెనకాల నిదానంగా మోగతా ఉన్నాయి. మూడుదార్లు వొచ్చాయి, పారేసింది, తిరిగింది, నడిచింది. రోజూ ఆ గజ్జెలు కాసేపు ఆగి, మళ్ళీ అందుకునేవి. ఆరోజు అందుకోలా. ఆమె ఆగింది. గజ్జెల చప్పుడు లేదు. 'ఒరే సింగా' అనింది, తల తిప్పకుండా. లేదు. 'పడిపోయాడు, నా బిడ్డ దార్లో పడిపోయాడు' అనుకుంది. ఇప్పుడేం చెయ్యాల? తిరిగి చూస్తే, తీసిన దిష్టంతా ఒక్కసారే లేచొస్తది. చూడకపోతే వాడు వానలో ఒంటరిగా పోతాడు, పోయేటప్పుడు నా మొహమన్నా చూడొద్దా వాడు? కాళ్ళు అటూ పోవు, ఇటూ పోవు. మొహం ఇంటికేసి, వీపు వాడికేసి, అట్టా నిలబడిపోయింది పాపం. ఏం చేసినా తప్పే అయ్యే చోట మనిషి ఎంతసేపని నిలబడుద్ది? ఆ తుంపర్లో ఆమె పైకే అనిందంట, 'వొచ్చేదేదో నా మీదికి రా. వాణ్ణి వొదిలెయ్. చూసేది నేను, వాడు కాదు' అని, అని గబుక్కున తిరిగింది. తిరిగి చూస్తే ఏముంది? సింగడు గారు మూడుదార్ల మధ్యలో పడుకోని, ముద్దని ముందుకాళ్ళ సందున పెట్టుకోని, మిరపకాయకి తుమ్ముకుంటా, రెండో గుడ్డు వెతుక్కుంటా, తోక ఊపుకుంటా భోంచేస్తన్నాడు. మూతంతా ఎర్రగా. ఆమె ముందు నెత్తురే అనుకుంది. తర్వాత ముద్ద చూసింది. తర్వాత తన చేతులు చూసుకుంది, అవీ ఎర్రగానే ఉన్నాయి. 'నేనే పెట్టాన్రా నాయనా, ఇన్నాళ్ళూ నేనే పెట్టానా' అని ఆ బురదలోనే కూలబడి, ముద్ద లాగి అవతల పారేసి, వాణ్ణి కావిలించుకోని ఏడిచిందంట, నవ్విందంట, ఏదో ఇదీ అని చెప్పలేం.

తెల్లారి పోయి చెబితే డాక్టరమ్మ పడీపడీ నవ్వింది. నవ్వి, తర్వాత కొంచెం చిన్నబోయింది గూడా. 'ఏం పెట్టావనే అడిగాను గానీ, ఏం పారేశావని అడగలేదు పెద్దమ్మా' అనింది. ఇప్పుడు ఎవరు కుక్కని తెచ్చినా రెండూ అడుగుద్దంట ఆ పిల్ల. సరే, కడుపు చల్లబడేదానికి మందిచ్చింది, ఎర్రముద్ద ఆగిపోయింది, కక్కుడు ఆగిపోయింది, సింగడు పెరుగన్నం తిని లేచాడు. కథ అయిపోయిందని లేస్తన్నారేమో, కూర్చోండి. సింగడు లేచి మేకల యెనకాల పోయేతలికి, మాలకొండమ్మ మంచాన పడింది. జొరం. ఒళ్ళు పెనంలాగా కాలిపోతా ఉంది. వానలో తడిసింది, కుక్క దిగులుతో సరిగ్గా తినిందీ లేదు, రాదా మరి? ఆమె అట్టా అనుకోలా. 'యెనక్కి చూశా గదా, నా మీదికొచ్చింది' అని దుప్పటి కప్పుకోని నిమ్మళంగా పడుకుంది. ఆదెమ్మ, అంత మాటబడ్డ ఆదెమ్మే, మిరియాల కషాయం గ్లాసులో పోసుకోనొచ్చి, 'తాగవే, కళ్ళు మూసుకోనే ఇస్తన్నాలే' అనింది. మాలకొండమ్మ ఆమె చెయ్యి పట్టుకోని, 'తప్పైపోయిందక్కా, నా నోరు పడిపోను' అని బావురుమనింది. 'సరేలేవే, ముందు తాగు, పొద్దుటికల్లా దిగిపోద్ది' అనింది ఆదెమ్మ. ఆ మాట వినంగానే మాలకొండమ్మ గ్లాసు కింద పెట్టేసింది. 'దిగి యాడికి పోద్దక్కా?' అనడిగింది. 'యాడికన్నా పోనీ, నీకెందుకు?' 'అట్టా కాదు. నన్నొదిలితే మళ్ళీ వాడి కాడికే పోద్దేమో. వాడింకా పూర్తిగా కోలుకోలా. కాస్త గట్టిపడనీ. అందాకా నా కాడే ఉండనీలే' అని, గోడవైపు తిరిగి పడుకుందంట.

ఆదెమ్మ ఆ గ్లాసు మీద మూత పెట్టి, మంచం కాడే ఉంచి పోయింది. డాక్టరమ్మని పిలిపిస్తే ఆ పిల్ల మాత్రం ఏం చెబుద్ది? కడుపుకి మందుంది, పురుగులకి మాత్రుంది, పిచ్చికి సూదుంది. దీనికి ఏ ఆసుపత్రిలో ఏమిస్తారో నాకైతే తెలవదు. జొరం పోయిందా అంటే, పోయిందిలే, ఎన్నాళ్ళుంటది, మందు తాగని మనిషి కాడ దానికి మాత్రం ఏం పొద్దుబోద్ది. అది పోయిన పూట ఆమె తన ఒళ్ళు తడుముకోలా. పాక్కుంటా వాకిట్లోకి పోయి వాడి ఒళ్ళు తడిమి చూసింది. బాగున్నాడంట.