ఎర్ర డబ్బాలో వేసిన కాయం

నాయనమ్మ మాట కాదని పెళ్లి చేసుకున్న యమున, పాతపట్నంలో పురుడు పోసుకుందని తెలిసిన దగ్గర్నుంచి తల్లికి గుండె గుప్పెట్లోనే ఉంది. మొన్న ఈనిన గేదె దగ్గర పేడ తీస్తుంటే అత్త, అదే యమున నాయనమ్మ, వచ్చి నిలబడింది.

“ఏటే, వీధి సివర పోస్టు డబ్బాలో మూటేటి కుక్కినావు?”

“మూటేటత్తా? నానేటీ ఎయ్యలేదు.”

“కాయం మందు కాదేటి? పోస్టాఫీసుకెళ్తే ఊరందరికీ తెలిసిపోతాదని, బిళ్ళలంటించి కన్నంలో తోసీసినావు.”

యమున తల్లి పేడ తట్ట కింద పెట్టేసింది.

“పచ్చి బాలింతత్తా. కాయం తినకపోతే వాతం కమ్మీయదా? అక్కడ దానికి సేసి పెట్టినోళ్లెవరు?”

“నా గడప దాటినప్పుడు తెలీదేటి దానికి?”

“నీకెవరు సెప్పినారత్తా?”

“నువ్వే. దార్లో ఎక్కడ పోతాదోనని ఎనకాల మన అడ్రసు రాసినావు గదా. బరువుకి బిళ్ళలు సాల్లేదట. పోస్టుమేను తెచ్చి నా సేతికే ఇచ్చినాడు.”

“నీ కాళ్లట్టుకుంతాను, ఇచ్చీయత్తా. ఇంకో నాలుగు బిళ్ళలంటించి పంపుతాను.”

“ఇంకెక్కడిదే? నిన్ననే గేదెకి పెట్టీసినాను. సూడు, ఎంత దుక్కలా నిలబడ్డాదో మనింటి బాలింత!”