పుల్లయ్య చేతి బిగువు

ముప్ఫయ్యేళ్లుగా పల్నాటి ట్రాక్టర్ల నట్లనూ బోల్టులనూ తన ఏలుబడిలో ఉంచుకున్న పుల్లయ్య షెడ్డు, మాచర్ల బస్టాండు వెనక. పొద్దున తాను వదిలివెళ్లిన నల్లని కార్బన్ సైకిలు ఫ్రేము కోసం దేవిక మధ్యాహ్నం తిరిగిరాగానే, పుల్లయ్యకు అతిథి మర్యాదల మీద అపారమైన శ్రద్ధ పుట్టుకొచ్చింది.

“...ముందు టీ తాగమ్మాయ్. ఎండనబడి వచ్చావు.”

“టీ వద్దు బాబాయ్. టార్క్ రెంచి తెచ్చిందాకా ఫ్రేము ముట్టుకోవద్దని పొద్దున చెప్పానా లేదా?”

“చెప్పావు. చానా స్పష్టంగా చెప్పావు. రెండుసార్లు చెప్పావు.”

“ముట్టుకోలేదుగా?”

“అదేందో కొత్త రెంచీ తెచ్చినట్టున్నావే! చూపించు, చూపించు.”

“ఇదిగో. ఐదు న్యూటన్ మీటర్ల దగ్గర పెడతాం. అంత బిగువు రాగానే ఇది క్లిక్ మంటది. అనగానే చెయ్యి తీసెయ్యాలి.”

“రెంచి చెప్తే నేను ఆపాలా?”

“ఆపాలి.”

“ముప్ఫయ్యేళ్లుగా రెంచికి నేను చెప్పాగానీ, అది నాకు చెప్పలా. నేను బిగించిన చక్రం ఊడదీయాలంటే గురజాల మెకానిక్కులు కూడా నాకే ఫోన్ చేస్తారు.”

“అది ట్రాక్టరు బాబాయ్, ఇనుము. ఇనుము వంగుద్ది. కార్బన్ వంగదు, చీలుద్ది. ఇనప దవడల మధ్య బిగించే ఆ వైసులో కూడా పెట్టకూడదు దీన్ని. పెట్టలేదుగా?”

“అంత తెలివితక్కువోణ్ణా? దుప్పటి చుట్టి పెట్టా.”

“బాబాయ్!”

“మెత్తటి దుప్పటే.”

“సీటు గొట్టానికి గ్రీసు కూడా రాయకూడదు. ఈ గరుకు పేస్టు రాస్తాం. తక్కువ బిగువుకే జారకుండా పట్టుకుంటది.”

“గ్రీసు రాయకూడదా?”

“కూడదు. ఏం?”

“ఊరికే, తెలుసుకుందామని. ఒకవేళ కాస్త ఎక్కువే రాస్తే?”

“ఎవరు రాశారు?”

“ఎవరో ఒకరు, మాటవరసకి. రాసి, అలెన్ కీకి మూరెడు పైపు తొడిగి, ఒక చుట్టు... ఒకటిన్నర చుట్టు...”

“బిగించావా?”

“రెండు చుట్లు.”

“రెండా?”

“అమ్మాయ్, బోల్టు వదులుగా కనపడితే నాకు ముద్ద దిగదు. ఆ సంగతి మాచర్లంతా ఎరుగు. నీకు తెలవదా?”

“తెలుసు.”

“తెలిసీ నా కళ్లముందు పెట్టిపోతావా? ...అదేంది, కోప్పడవేంది?”

“కోప్పడితే అతుక్కుంటదా? ఒక రూపాయి బిళ్ల ఇయ్యి. గొట్టం మీద కొట్టి చూద్దాం. ఈ మధ్యలో విను. ఎట్టా మోగుతోంది?”

“టంగ్, టంగ్.”

“ఇప్పుడు సీటు కాడ?”

“టప్... టప్... ఓరి దేవుడా!”

“అంతే. చీలింది.”

“ఆదివారం ఎత్తిపోతల కొండల్లో పోటీ గదమ్మా నీకు!”

“ఫ్రేము నాది కాదు, నాకు నేర్పే సైక్లింగ్ అకాడమీది. బోల్టులు మెకానిక్కే బిగించాలని రూలు. నా చేత్తో పాడైతే జట్టులోంచి నా పేరు కొట్టేస్తారు.”

“మెకానిక్కు చేత్తో పాడైతే?”

“ఇంకో ఫ్రేము ఇస్తారు. ఆయన కాగితం రాసిస్తే చాలు.”

“రాస్తా! నీ పేరు నిలవాలి, నా పేరు పోతే పోనీ. నేను చెప్తా, రాసుకో. ‘మహారాజశ్రీ కోచ్ గారి దివ్యసముఖమునకు, మాచర్ల వాస్తవ్యుడు పుల్లయ్య సవినయముగా విన్నవించునది. తమరి ఫ్రేమును ఈ ఉదయం నేనే స్వహస్తముతో, హద్దు మీరిన భుజబలముచే చీల్చితిని. ఇందు చిరంజీవి దేవిక దోషము ఆవగింజంతయు లేదు.’”

“చానా బాగుంది బాబాయ్. ‘బిగించునపుడు టిక్కుమని శబ్దము వచ్చినది’ అని కూడా చేర్చు. కోచ్ అదే ముందు అడుగుతారు.”

“శబ్దమా? రాలేదమ్మా.”

“వచ్చుంటది. గుర్తు తెచ్చుకో.”

“చెవి ఆనించి మరీ బిగించా. ఏ శబ్దమూ రాలా.”

“సరే, వచ్చిందనే రాద్దాం.”

“ఎట్టా రాస్తాం? తప్పు చేశానంటే సంతకం పెడతా. విననిది విన్నానంటే మాత్రం పెట్టను.”

“ఒక్క ముక్క బాబాయ్!”

“అర ముక్క కూడా కుదరదు. అసలది శబ్దం చేస్తదని ఎవరు చెప్పారు నీకు?”

“ఒకరు చెప్పేదేంది? నిన్న సాయంత్రం నేను బిగిస్తుంటే వంటింట్లో ఉన్న మా అమ్మకే వినపడి, ‘ఏం పగిలిందే’ అని కేకేసింది!”